కొల్లేటి గట్టున సొర పాఠం

ఈ మధ్య జువాలజీ లెక్చరర్లుగా కొత్తగా చేరిన ఇద్దరు మా ఇంటికి వచ్చి, మీ అనుభవాలు రాసిపెట్టండి సార్, మాకు పనికొస్తాయి అన్నారు. రిటైరైన వాళ్ళను చూడడానికి వచ్చేటప్పుడు బత్తాయిలతో పాటు ఇలాంటి మాట ఒకటి తేవడం మర్యాద. నేను దాన్ని నిజమనుకున్నాను. నాకు ఖాళీ ఎక్కువ.

ముప్ఫై ఏళ్ళకు పైగా ఏలూరులో ఒక కాలేజీలో పాఠాలు చెప్పాను. పొద్దున తాడేపల్లిగూడెంలో పాసింజరు ఎక్కి రావడం, సాయంత్రం పాసింజరు ఎక్కి పోవడం. ప్రమోషన్లు, ఇంక్రిమెంట్లు, తనిఖీ కమిటీలు వచ్చినప్పుడు కట్టిన తోరణాలు ఇక్కడ రాయను. అవి మీకూ వస్తాయి, లేదా రావు. నేను రాసేది సొరచేప ఊపిరి గురించి, దాని తిండి గురించి. నా ఉద్యోగం చాలావరకు ఆ రెండింటి మీదే నడిచింది. పిల్లలు నన్ను సొర మాస్టారు అనేవారు. బతికున్న సొరను మాత్రం నేను ఇంతవరకు చూడలేదు.

బస్సులో వచ్చే సొర

నేను చేరిన రోజుల్లో డిగ్రీ పిల్లలు ప్రాక్టికల్సులో సొరను కోయాలి. అది ఏలూరులో దొరకదు. మాకు దగ్గర్లో ఉన్నది కొల్లేరు. అందులో ఉండేవి మంచినీటి చేపలు. క్లాసులో కూర్చున్న పిల్లల్లో చాలామంది ఇళ్ళ పక్కనే చేపల చెరువులుండేవి. అయినా మా సిలబసుకు కొల్లేరు కనపడలేదు. సముద్రపు చేపను బందరు నుంచి తెప్పించి, కొల్లేటి పిల్లల ముందు పెట్టి, చేప అంటే ఇదమ్మా అని చెప్పేవాళ్ళం.

తెచ్చేది మా ల్యాబ్ అటెండరు మస్తాన్. వాళ్ళ నాన్న ఏలూరు తివాచీలు నేసేవాడు. మస్తాన్‌కు మగ్గం అబ్బలేదు గానీ ఆ వేళ్ళ నేర్పు కత్తెర పట్టినప్పుడు తెలిసేది. మొదటి బస్సుకు బందరు వెళ్ళి, రేవులో మూరెడు పొడవున్న పిల్ల సొరలు డజను కొని, ఐసు వేసిన తట్టలో పెట్టుకొని మధ్యాహ్నానికి వచ్చేవాడు. కైకలూరు చేరేసరికి ఐసు కరిగేది. అక్కణ్ణుంచి బస్సులో ఎవరూ అతని పక్కన కూర్చునేవారు కాదు.

ఒకసారి కండక్టరు దిగిపొమ్మని గొడవ పెట్టాడట.

"ఏంటండీ ఆ కంపు? ఏం తెస్తన్నారు?"

"కాలేజీ సామానండీ."

"కాలేజీ సామాను ఇంత కంపు కొడతదేంటండీ?"

"డిగ్రీ కాలేజీ అండీ," అన్నాడట మస్తాన్.

కండక్టరు టికెట్టు కొట్టి ముందుకెళ్ళాడట.

సొర తింటే బాలింతకు పాలు పడతాయని మా వైపు నమ్మకం. అందువల్ల తెచ్చిన డజనులో ఒకటి రెండు ఫార్మలిన్ తొట్టెలోకి చేరకముందే మాయమయ్యేవి. "దారిలో రెండు పాడైపోయాయండీ" అనేవాడు మస్తాన్. కాలేజీలో ఎవరింట్లో పురుడు వచ్చిందో నాకు అలా తెలిసేది. నేను తల ఊపేవాణ్ణి. మా పెద్దమ్మాయి పుట్టినప్పుడు కూడా రెండు పాడైపోయాయి.

హెడ్డు గారి నోట్సు

మా హెడ్డు గారు శుద్ధ శాకాహారి. ల్యాబు గుమ్మం దగ్గర జేబురుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకొని నిలబడి, "అంతా సవ్యంగా ఉందాండీ?" అని అడిగి వెళ్ళిపోయేవారు. జీవితంలో సొరను ముట్టుకున్న మనిషి కాదు. కానీ ఆయన సొర పాఠం చెప్తుంటే కామర్సు పిల్లలు కూడా వచ్చి కిటికీల దగ్గర నిలబడేవారు.

సొర దవడలో ఉండేది ఒక్క వరస పళ్ళు కాదు, వెనకాల ఇంకా వరసలుంటాయి, ముందువి ఊడితే వెనకవి ముందుకు జరుగుతాయి అని మొదలుపెట్టేవారు. సొర నమలదు. పట్టుకుంటుంది, కోస్తుంది, మింగుతుంది. ఇసుకలో దాక్కున్న చేప ఒంట్లో పుట్టే కాస్తంత విద్యుత్తును కూడా ముట్టె మీదున్న సన్నని గుంటలతో పసిగడుతుంది. ఇక ఊపిరి. మామూలు చేపకు మొప్ప మీద మూత ఉంటుంది, సొరకు ఉండదు. పక్కన అయిదు చీలికలుంటాయి. నోట్లోకి వచ్చిన నీళ్ళు మొప్పల మీదుగా పారి ఆ చీలికల్లోంచి బయటికి పోతాయి.

ఇంతవరకూ ఆయన చెప్పిందంతా నిజం. ఇక్కడ ఆయన కళ్ళజోడు తీసి, గొంతు తగ్గించేవారు.

"సొరకు విశ్రాంతి లేదు. ఈత ఆపిందా, చచ్చిందే. కదలని చేపకు మొప్పల్లోకి నీళ్ళు రావు. నీళ్ళు రాకపోతే ఊపిరి లేదు. మీరు చదువు ఆపినా అంతే."

చప్పట్లు. కామర్సు పిల్లలవి కూడా.

ఆయన రిటైరవుతూ ఆ నోట్సు నా చేతిలో పెట్టారు. నేను పాఠం, గొంతు తగ్గించడం, కళ్ళజోడు తీయడం అన్నీ కలిపి తీసుకున్నాను. అప్పటికి నా చూపు బాగానే ఉంది. ఆ ఒక్క మాట కోసం పవరు లేని కళ్ళజోడు కొనుక్కున్నానని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది. అది పూర్తిగా అబద్ధం కాదు.

మీకు నేను చెప్పగలిగిన సలహా ఒకటుంది. క్లాసులో చప్పట్లు కొట్టించిన వాక్యాన్ని ఇంటికెళ్ళాక ఒకసారి పుస్తకంలో చూసుకోండి. నేను చూసుకోలేదు.

మస్తాన్ అడిగిన మాట

ఒక మధ్యాహ్నం మస్తాన్ సొరను మైనం పలక మీద పెట్టి గుండుసూదులు గుచ్చుతున్నాడు. గుచ్చుతూ గుచ్చుతూ ఆగాడు.

"సార్, ఒక మాటండీ. బందరు రేవులో వాళ్ళు చెప్పారు. కొన్ని సొరలు అడుగున ఇసక మీద పడుకుని ఉంటాయంటండీ. ఎంతసేపైనా కదలవంట. మరి అవి చచ్చిపోవాండీ?"

"వాళ్ళేం చదువుకున్నారు మస్తాన్?" అన్నాను.

"ఏం చదువుకోలేదండీ. పట్టుకుంటారంతేనండీ," అని మళ్ళీ సూదుల పనిలో పడ్డాడు.

అతను చెప్పిందే నిజం. కొన్ని జాతుల సొరలు ఈదుతూనే ఉండాలి. చాలావాటికి ఆ అవసరం లేదు. అడుగున పడుకొని, నోటి కండరాలతో నీళ్ళు లోపలికి పీల్చి మొప్పల మీదికి తోసుకుంటాయి. ఈ సంగతి ఉన్న పుస్తకం మా డిపార్ట్‌మెంటు బీరువాలోనే ఉంది. బీరువా తాళం నా దగ్గరే ఉంది.

తర్వాత జంతువుల్ని కోయవద్దన్నారు. సొర మొదట చార్టులోకి, అక్కణ్ణుంచి కంప్యూటరులోకి వెళ్ళింది. మస్తాన్ రిటైరయ్యాడు. పాఠం మాత్రం అలాగే ఉంది, కళ్ళజోడుతో సహా.

ఫీల్డ్ ట్రిప్పు

భూలక్ష్మి అని ఫైనలియరులో ఒక అమ్మాయి ఉండేది. కొల్లేటి లంక గ్రామం వాళ్ళది. నాన్న పేరు వెంకన్న గారు. వాళ్ళకున్నది ఒకే ఒక్క చేపల చెరువు. ఇల్లు గడవడం, ఈ పిల్ల చదువు, రెండూ దాని మీదే. వాళ్ళింట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటి మనిషి ఆ అమ్మాయే.

ఆ ఏడాది పిల్లల్ని ఎక్కడికైనా తీసుకెళ్ళి ఏదైనా చూపించి తీరాలని పైనుంచి ఆర్డరు వచ్చింది. మరుసటి వారమే ప్రాక్టికల్స్, ఈలోపే ముగించాలి. "మా చెరువు చూద్దురుగాని సార్, నాన్న రమ్మన్నారండీ" అంది భూలక్ష్మి. చేపలకు మేత కట్టడం చూడొచ్చు, ఖర్చు లేదు, దగ్గర. సరేనన్నాను.

కొల్లేటి వైపు చేపకు మేత చల్లరు, కడతారు. తవుడు, నూనె తీసిన చెక్క కలిపి ఎరువు సంచుల్లో నింపి, అడుగున చిల్లులు పొడిచి, చెరువులో పాతిన వెదుళ్ళకు వరసగా వేలాడదీస్తారు. చేప వచ్చి చిల్లు దగ్గర నోరు పెట్టి పీల్చుకుంటుంది. ఇక్కడి చెరువుల్లో పెంచే బొచ్చెకు, శీలావతికి దవడల్లో పళ్ళుండవు, పీల్చడమే వాటి తిండి. సంచి ఊగే తీరు చూసి చేప ఎంత ఆకలి మీద ఉందో దోనె మీదున్న మనిషి చెప్పేస్తాడు. ఇదంతా పొద్దున్నే జరుగుతుంది కాబట్టి మేమూ పొద్దున్నే బస్సు కట్టుకొని బయలుదేరాం. తుఫాను ముసురు పట్టి అప్పటికి మూడు రోజులు. ఆకాశమంతా బూడిద రంగులో ఉంది.

బస్సు దిగి గట్టెక్కేసరికి చెరువు నిండా నోళ్ళు. చేపలన్నీ పైకి వచ్చేసి, మూతులు నీటి మీద పెట్టి గుటకలు వేస్తున్నాయి. వెంకన్న గారు, ఇద్దరు పనివాళ్ళు కలిసి డీజిల్ ఇంజనును గట్టు మీదికి లాగుతున్నారు.

"మాస్టారండీ, ఏమనుకోకండి. ఇవాళ మేత కట్టట్లేదండీ," అన్నారు వెంకన్న గారు రొప్పుతూ. "ఎండ లేక చేప తేలిపోయిందండీ. ఇంజను పెట్టి కాలవ నీళ్ళు చిమ్మించాలి. పిల్లల్ని కాసేపు అలా కూర్చోబెట్టండి."

బుద్ధి ఉన్నవాడైతే కూర్చునేవాడు. కానీ బస్సెడు పిల్లలు నావైపు తిరిగారు. వెంకన్న గారివైపు ఒక్కరూ తిరగలేదు. "ఇప్పుడేం చేయాలి సార్?" అని అడిగారెవరో. నేను కళ్ళజోడు తీశాను.

"కదలని చేపకు ఊపిరి ఉండదు. మొప్పల మీద నీళ్ళు పారాలి. ఇంజను సంగతి తర్వాత చూద్దాం. ముందు దోనెలు దింపి చేపల్ని తరమండి. ఈదించండి."

వెంకన్న గారు నన్ను చూశారు, కూతుర్ని చూశారు.

"వద్దు సార్," అంది భూలక్ష్మి. "తేలినప్పుడు వాటిని కదపకూడదండీ. బెదిరితే ఇంకా ఆయాసపడిపోతాయండీ. అప్పుడు మేం దోనె కూడా దింపమండీ."

"ఏ పుస్తకంలో ఉందమ్మా అది?"

ఆ పిల్ల తల దించుకుంది. "పుస్తకంలో లేదండీ."

పిల్లలు నవ్వారు. నేనూ నవ్వే ఉంటాను. వెంకన్న గారు తలపాగా విప్పి ముఖం తుడుచుకున్నారు.

"అలాగేనండీ. మాస్టారు చెప్పాక ఇంకేముందండీ," అని ఇంజను దగ్గరున్న ఇద్దర్నీ పిలిచారు.

అరగంట

రెండు దోనెలు దిగాయి. గెడలతో నీళ్ళను బాదారు. చేపలు ఒక్కసారిగా చెదిరి, ఎగిరి, చెరువంతా నురగ చేశాయి. మొదటి అయిదు నిమిషాలు చూడ్డానికి ఎంత బాగుందో. "ఎంత చురుగ్గా ఉన్నాయో రాసుకోండి" అని పిల్లలకు చెప్పాను. రాసుకున్నారు.

తర్వాత ఎగరడం తగ్గింది. ఒక పెద్ద బొచ్చె పక్కకు ఒరిగింది. దాని వెనక ఇంకోటి. తెల్లటి పొట్టలు ఒకటొకటిగా పైకి తిరిగాయి. గాలికి కొట్టుకొచ్చి సరిగ్గా మేం నిలబడ్డ గట్టు కిందికే చేరాయి. ఈసారి వెంకన్న గారు ఎవరినీ అడగలేదు. పరిగెత్తుకెళ్ళి తనే ఇంజను తిప్పారు. నీళ్ళు చిమ్మినచోటికి బతికున్నవి వచ్చి గుంపు కట్టాయి. అప్పటికి సగానికి పైగా పోయాయి.

పిల్లలు రాసుకోవడం ఆపేశారు. భూలక్ష్మి చున్నీ నడుముకు బిగించుకొని నీళ్ళలోకి దిగి, చచ్చిన చేపల్ని బుట్టల్లోకి ఎత్తసాగింది. నావైపు చూడలేదు. నేను ఏదో ఒకటి అనాలి కదా.

"నీళ్ళు బాగా పాడైపోయి ఉన్నాయండీ. మనం రావడం కాస్త ఆలస్యమైంది," అన్నాను.

ఉద్యోగంలో చెప్పిన పాఠాలు చాలా మర్చిపోయాను. ఈ వాక్యం మాత్రం పొల్లు పోకుండా గుర్తుంది.

"అవునండీ," అన్నారు వెంకన్న గారు. "ఇంట్లో టిఫిన్లు చేయించానండీ. పిల్లలు ఆకలి మీద ఉంటారు, తినెళ్ళండి."

తిన్నాం. ఇడ్లీ, అల్లం పచ్చడి. ఇంటావిడ కొసరి కొసరి వడ్డించింది. భూలక్ష్మి ఇంకా చెరువులోనే ఉంది.

ఆ సాయంత్రం బీరువా తీశాను. బొచ్చె సొర కాదు. దానికి మొప్ప మీద మూత ఉంది, నోరు తెరిచి మూసి ఉన్నచోటే నీళ్ళు తోసుకుంటుంది. ఆ పొద్దున దానికి ఈత తక్కువ కాలేదు, నీళ్ళలో ప్రాణవాయువు తక్కువైంది. ఎండ లేకపోతే నీటిలోని పచ్చదనం దాన్ని తయారుచేయలేదు. తెల్లారేసరికి అడుగంటిపోతుంది. పైపొరలో మిగిలిన కాస్తా అందుకోవడానికి చేపలు పైకి వచ్చి కదలకుండా ఉన్నాయి. ఆయాసంతో గోడకు ఆనుకున్న మనిషిని లేపి పరుగెత్తించినట్టు నేను వాటిని పరుగెత్తించాను. అదే పుస్తకంలో, అదే అధ్యాయంలో, అడుగున పడుకునే సొరల సంగతి కూడా ఉంది. చదివి చాలా సిగ్గుపడ్డాను. సిగ్గుపడి, పుస్తకం లోపల పెట్టి తాళం వేశాను.

పేరొచ్చింది

మర్నాడు వెళ్ళి తప్పు ఒప్పుకుందామనుకున్నాను. ఈలోపు నాకు పేరొచ్చింది.

"మాస్టారు దగ్గరుండబట్టి ఈ కాస్తయినా మిగిలాయండీ" అని వెంకన్న గారు ఊళ్ళో చెప్పారట. ఆ మాట లంకలన్నీ తిరిగి గుండుగొలను దాకా వెళ్ళింది. చెరువుల వాళ్ళు ఫోన్లు చేయడం మొదలుపెట్టారు. ప్రిన్సిపాల్ గారు మీటింగులో, కాలేజీ రైతు దగ్గరికి వెళ్ళడమంటే ఇదీ అని శాలువా కప్పారు. ఆకుపచ్చ శాలువా. ఇప్పటికీ చలికి అదే కప్పుకుంటాను, బాగా మన్నింది.

ఫోను చేసిన ప్రతివాళ్ళకూ ఒకటే చెప్పేవాణ్ణి: మేత ఆపండి, ఇంజను పెట్టండి, చేపను కదపకండి. అంటే వెంకన్న గారూ భూలక్ష్మీ ఆ రోజు చెప్పిందే, కాస్త గొంతు తగ్గించి. అది ప్రతిసారీ పనిచేసేది. ప్రతిసారీ నా పేరు ఇంకాస్త పెరిగేది.

వెంకన్న గారు ఎందుకలా చెప్పారా అని ఆలోచించేవాణ్ణి. ఇంటికొచ్చిన మాస్టారికి మాట రాకూడదన్న పెద్దమనసు అనుకున్నాను. మా గోదావరి వాళ్ళ మర్యాదే వేరు అని ఒకరిద్దరి దగ్గర గొప్పగా కూడా చెప్పుకున్నాను. ఆ మర్యాద చాటున రిటైరయ్యే దాకా హాయిగా గడిపాను.

గట్టు మీద

ఈ ఏడాది ఉండబట్టలేక వెంకన్న గారి దగ్గరికి వెళ్ళాను. భూలక్ష్మి ఇప్పుడు గుండుగొలనులో చెరువు నీళ్ళు పరీక్షించే ల్యాబు నడుపుతోంది. ఆ పూట ఊళ్ళో లేదు. వెంకన్న గారు గట్టు మీది పాకలో నాకు కుర్చీ వేసి, తను దిమ్మ మీద కూర్చున్నారు. మనిషి బాగా వంగిపోయారు. ఫ్లాస్కులోంచి టీ పోశారు.

"వెంకన్న గారూ, ఆ రోజు మీ చేపలు చచ్చింది నా వల్లండీ," అన్నాను. "తరమమనడం తప్పు. ఆ సాయంత్రమే నాకు తెలిసింది. ఇన్నేళ్ళూ చెప్పలేదు."

"తెలుసండీ," అన్నారు ఆయన.

"మీకెప్పుడు తెలిసింది?"

"దోనెలు దింపకముందేనండీ. మా తాతల నాటి నుంచీ చేపల మీద బతికేవాళ్ళం. తేలిన చేపను కదపకూడదని మాకు తెలీదాండీ?"

"మరి ఎందుకు దింపారండీ?"

తప్పు తనదైనట్టు కాస్త మొహమాటంగా నవ్వారు.

"ఆ పై వారమే అమ్మాయికి ప్రాక్టికల్స్ కదండీ. అందరి ముందూ మీకు ఎదురు మాట్టాడేసింది. అది మీ మనసులో ఉండిపోద్దేమోనని భయమేసిందండీ. నేను కూడా కాదంటే ఇంకేమన్నా ఉందాండీ? మార్కులు మీ చేతిలో పని. చేపలదేముందండీ, మళ్ళీ పిల్ల వేసుకుంటాం. దాని డిగ్రీ ఆగిపోతే మేం ఏం చేయగలమండీ?"

పెద్దమనసు కాదు, మర్యాద కాదు. నేనంటే భయం. ఆ తర్వాత ఊళ్ళో నా గురించి చెప్పిన మంచి మాట కూడా అందులో భాగమే. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

ఆ పరీక్షకు మార్కులు వేసింది నేను కాదు. ఆ సెమిస్టరుకు మార్కులన్నీ వేరే కాలేజీ నుంచి వచ్చిన ఎగ్జామినరు చేతిలో ఉన్నాయి. ఆయన పక్కన కుర్చీలో కూర్చుని పేర్లు పిలవడం తప్ప నాకు పనేమీ లేదు. నేను కోపంతో ఊగిపోయినా ఆ పిల్లకు అర మార్కు తగ్గేది కాదు. ఆ మాట చెప్పేద్దామని నోరు తెరిచాను.

"ఏమాటకామాటేనండీ, మీరేమీ మనసులో పెట్టుకోలేదు," అన్నారు వెంకన్న గారు. "నిండా మార్కులేశారు. మా చెరువులో చేప పోయినందుకు ఫలితం దక్కింది. మీ మేలు మా ఇంట్లో ఎవరమూ మర్చిపోమండీ."

గట్టు కింద కొత్త పిల్ల వేసిన చెరువు. సంచులు నెమ్మదిగా ఊగుతున్నాయి.

"అందులో ఏముందండీ," అన్నాను.